నాలుగు ఇంజన్లు, మూడు సంతకాలు

కొత్త చెప్పుల పెట్టె తెరిస్తే అడుగున చిన్న తెల్లటి పొట్లం ఒకటి కనిపిస్తుంది. లోపల సగ్గుబియ్యం లాంటి గుళికలు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారేమోనని వెంటనే తీసి చెత్తబుట్టలో పడేస్తాం. అది సిలికా జెల్. చుట్టూ ఉన్న గాలిలోంచి తేమను లాక్కోవడం దాని పని. 2012 మే 28న ఇంగ్లండ్‌లోని డాన్‌కాస్టర్ విమానాశ్రయంలో, ఇదే సరుకు నింపిన సంచులు ప్రపంచం మొత్తం మీద ఎగరగల స్థితిలో ఉన్న ఒకే ఒక్క వల్కన్ బాంబరును శాశ్వతంగా నేలకు కట్టేసినంత పని చేశాయి.

విమానం రన్‌వే మీద పరుగందుకుంది. ఆగి ఉన్న రోజుల్లో ఇంజన్లకు చెమ్మ తగలకుండా గాలి దారిలో పెట్టిన సంచులు లోపలే ఉండిపోయాయి. ఒకటో నంబరు ఇంజన్ వాటిని మింగింది. నిమిషానికి వేల చుట్లు తిరుగుతున్న బ్లేడ్లు విరిగాయి. ఆ ముక్కల్ని పక్కనే ఉన్న రెండో నంబరు ఇంజన్ పీల్చుకుంది. పైలట్లు పరుగు ఆపేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ క్షణాల్లో రెండు ఇంజన్లు పోయాయి. అవి డబ్బు పెట్టినా ఏ దుకాణంలోనూ దొరికేవి కావు. తుప్పు నుంచి కాపాడాలని పెట్టిన మందే ఇంజన్ ప్రాణం తీసింది.

ఆ విమానం నంబరు ఎక్స్‌హెచ్ 558. త్రిభుజాకారపు పెద్ద రెక్క, ఆ రెక్క మొదట్లోనే ఇమిడిపోయిన నాలుగు ఒలింపస్ జెట్ ఇంజన్లు. వల్కన్ నమూనా 1952 ఆగస్టు 30న మొదటిసారి ఎగిరింది. తరువాత 134 విమానాలు తయారయ్యాయి. సోవియట్ నగరాల మీద అణుబాంబు వేయడానికి బ్రిటన్ కట్టుకున్న మూడు రకాల బాంబర్లలో ఇదొకటి. అలాంటి విమానం మీద ఇంత ముద్దేమిటని అడిగేవాళ్లున్నారు. నాకూ ఆ ఇబ్బంది లేకపోలేదు. అదృష్టవశాత్తు ఏ వల్కనూ అణుబాంబు వేయలేదు. 1982 ఫాక్లాండ్ యుద్ధంలో మామూలు బాంబులు వేసినవాటిలో మన 558 లేదు. ఆ ఏడాది దాన్ని ఆకాశంలో ఇంధనం అందించే ట్యాంకరుగా మార్చారు. 1984లో వల్కన్లన్నీ విధుల నుంచి తప్పుకున్నాయి. ప్రదర్శనల కోసం 558ని మాత్రం వాయుసేన 1992 దాకా ఎగరేసి, ఖర్చు భరించలేక అమ్మేసింది. 1993 మార్చి 23న అది బ్రంటింగ్‌థార్ప్ అనే పాత వైమానిక స్థావరంలో దిగింది. కొన్న కుటుంబం విమానంతో పాటు ఒక్క గంట కూడా వాడని ఎనిమిది ఒలింపస్ ఇంజన్లనూ, కుప్పలుగా విడిభాగాలనూ కొనుక్కుంది. ఆ ఎనిమిది ఇంజన్లే లేకపోతే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

చూడటానికే నిలబెట్టే విమానం సంగతి వేరు. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం ఎక్కి చూసినవాళ్లు చాలామందే ఉంటారు. 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2017లో రిటైరయింది. చివరిసారి అరక్కోణం నుంచి విశాఖకు ఎగిరి వచ్చాక, విప్పి, ముక్కలుగా తరలించి, మళ్లీ అక్కడ బిగించారు. సముద్రపు ఉప్పుగాలికి ఎదురుగా నిలబడి ఉంది. దానికి రంగు వెలవకుండా, రేకు చిల్లు పడకుండా చూసుకుంటే చాలు. లోపలి రబ్బరు గొట్టం ఎండి పగిలినా సందర్శకుడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బ్రిటన్‌లో మరో రెండు వల్కన్లు రన్‌వే మీద పరుగెత్తడం వరకూ చేస్తాయి. చక్రాలు నేల విడవనంత కాలం ఏదైనా చెడిపోతే ఇంజన్ ఆపి బ్రేకు తొక్కవచ్చు. నేల విడిచాక ఆ సౌకర్యం లేదు. మ్యూజియం విమానానికీ ఎగిరే విమానానికీ మధ్య ఉన్న దూరమంతా అదే. ఆ దూరం దాటడానికి 558కి పద్నాలుగున్నర ఏళ్లు పట్టింది.

వాడకుండా దాచిన వస్తువు పాడవదని మనకొక భ్రమ. అటక మీద దాచిన కుక్కర్ గాస్కెట్‌ను నాలుగేళ్ల తరువాత తీసి చూడండి. ఒక్క విజిల్ కూడా చూడని ఆ రబ్బరు గట్టిపడి, వంచితే సన్నటి బీటలు వేస్తుంది. గాలిలోని ఆక్సిజనూ ఓజోనూ రబ్బరు అణువుల గొలుసులను తెంచుతూ, అడ్డదిడ్డంగా ముడివేస్తూ ఉంటాయి. జెట్ విమానంలో ఇలాంటి రబ్బరు సీళ్లు, గొట్టాలు, డయాఫ్రమ్‌లు వందల చోట్ల ఉంటాయి. హైడ్రాలిక్ నూనెను అధిక పీడనంలో పట్టి ఉంచేవి అవే. అందుకే వాటికి గంటల లెక్కతో పాటు క్యాలెండర్ లెక్క కూడా ఉంటుంది. వాడినా వాడకున్నా, తేదీ దాటితే మార్చాల్సిందే.

రబ్బరు కన్నా లోహం మొండిదే, కానీ దానికీ జబ్బులున్నాయి. స్వచ్ఛమైన అల్యూమినియం తేలిగ్గా తుప్పు పట్టదు, కాకపోతే మెత్తన. విమానానికి కావలసిన బలం కోసం రాగి, జింకు లాంటివి కలుపుతారు. ఆ కలిపినవే తుప్పుకు దారి తీస్తాయి. అల్యూమినియం రేకులో ఉక్కు బోల్టు బిగించి, మధ్యలో ఇంత చెమ్మ చేరితే చాలు, అక్కడొక చిన్న బ్యాటరీ తయారవుతుంది. కరెంటు పారుతుంది, అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. ఒకరకం తుప్పయితే రేకు మందంలోనే పాకుతుంది. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల లోహం మడత కాజా పొరల్లా విచ్చుకుంటుంది. అనుభవం ఉన్న మెకానిక్ రివెట్ల వరుస మీద అరచేయి రాస్తూ పోయి, ఒకచోట ఆగుతాడు. కంటికి ఆనని ఉబ్బు చేతికి తెలుస్తుంది.

అన్నిటికన్నా భయపెట్టే జబ్బు లోహపు అలసట. ఇల్లు కట్టే చోట సెంట్రింగ్ పనివాళ్లు చువ్వలకు బైండింగ్ వైరు కడతారు కదా. ఆ వైరును చేత్తో లాగి తెంపడం ఎవరి వల్లా కాదు. అదే చోట అటూ ఇటూ పది పదిహేనుసార్లు వంచితే టక్కున విరుగుతుంది. ఏ ఒక్క వంపూ దాన్ని విరిచేంత బలమైనది కాదు. వంపుల సంఖ్య విరిచింది. విమానం రెక్క గాలి కుదుపు తగిలిన ప్రతిసారీ, మలుపు తిరిగిన ప్రతిసారీ కొంచెం వంగి మళ్లీ నిలబడుతుంది. రివెట్ రంధ్రం అంచున, గీత పడిన చోట, మూల తిరిగిన చోట ఒత్తిడి పోగుపడి, కంటికి కనిపించని పగులు పుడుతుంది. ప్రతి కుదుపుకూ అది వెంట్రుకలో వెయ్యో వంతు ముందుకు జరుగుతుంది. విరిగిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ అడుగులు చెట్టు మొద్దులోని వలయాల్లా వరుసగా కనిపిస్తాయి.

ఈ పాఠాన్ని బ్రిటన్ రక్తంతో నేర్చుకుంది. 1954లో రెండు కామెట్ జెట్ ప్రయాణికుల విమానాలు మూడు నెలల తేడాలో ఆకాశంలోనే ముక్కలయ్యాయి. ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీళ్ల తొట్టెలో దించి, క్యాబిన్‌లో పీడనం పెంచుతూ తగ్గిస్తూ పోయారు. క్యాబిన్ చిరిగేదాకా అలా చేశాక గాని కారణం అలసటేనని తేలలేదు. పదేళ్ల తరువాత వల్కన్‌కు అన్న వరస అయిన వేలియంట్ బాంబరు వంతు వచ్చింది. 1964లో దాని రెక్క దూలాల్లో పగుళ్లు బయటపడ్డాయి. మరుసటి జనవరికల్లా వేలియంట్లన్నిటినీ తుక్కు కింద రాసేశారు. ఎత్తులో ఎగరడానికి కట్టిన విమానాలను రాడార్‌కు దొరక్కుండా నేలను రాసుకుంటూ ఎగరమన్నారు. కింద గాలి గతుకుల రోడ్డులాంటిది. కుదుపుల ఖాతా వేగంగా కరిగిపోయింది.

ఖాతా అన్న మాట అలంకారానికి వాడలేదు. సైనిక విమానాల్లో ఫెటీగ్ మీటర్ అనే పరికరం ఉంటుంది. ఏ స్థాయి కుదుపు ఎన్నిసార్లు తగిలిందో అది లెక్కపెడుతుంది. ఆ అంకెల నుంచి 'అలసట సూచీ' కడతారు. వంద వస్తే ఆయుష్షు తీరినట్టు. అంటే ఎగిరే పాత విమానం దగ్గర ఉన్నది ఒక బ్యాంకు ఖాతా. తీయడమే గాని వేయడం ఉండదు. ఎప్పుడైనా రెక్కకు అదనపు పట్టీలు వేసి బలపరిస్తే కొంత అప్పు పుడుతుంది. 558కి కూడా ఒక శీతాకాలమంతా కూర్చుని రెక్కలకు ఆ వైద్యం చేశారు. దానివల్లే మరో రెండు వేసవులు ఎగరగలిగింది.

పగుళ్లను పట్టే పద్ధతుల్లో నాకు ఇష్టమైనది అతి సాదాసీదాది. భాగాన్ని జిడ్డు లేకుండా కడిగి, ఎర్రటి పల్చని రంగుద్రవం పూస్తారు. పదిహేను ఇరవై నిమిషాలు వదిలేస్తారు. అది సందు ఉన్న చోటల్లా దానంతటదే లోపలికి పాకుతుంది, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు. తరువాత పైన ఉన్నదంతా తుడిచేసి, తెల్లటి సుద్దపొడి లాంటిది చల్లుతారు. ఇక చూస్తూ కూర్చోవడమే. భాగం బాగుంటే తెల్లగా ఉండిపోతుంది. లేకపోతే ఆ తెలుపులోంచి సన్నటి ఎర్రగీత ఒకటి మెల్లగా పైకి తేలుతుంది. ఆ గీత కనబడగానే చుట్టూ ఉన్నవాళ్ల మాటలు ఆగిపోతాయి. లోపలి పొరల కోసం ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, ఎడ్డీ కరెంట్ పరీక్షలు ఉన్నాయి. మనిషికి చేసేవాటిలో సగం పరీక్షలు విమానానికీ చేస్తారు.

ఇంజన్‌కు అలసటతో పాటు ఇంకో రోగం ఉంది. బట్టలు ఆరేసే నైలాన్ తాడు కొన్నాళ్లకు కిందికి జారి వేలాడుతుంది. బరువేమీ పెరగలేదు, అదే బరువు ఎక్కువ కాలం మోసింది, అంతే. ఎర్రగా కాలిన టర్బైన్ బ్లేడు కూడా తిరిగే వేగానికి బయటికి లాగబడుతూ అలాగే కొద్దికొద్దిగా సాగుతుంది. కొన చుట్టూ ఉన్న తొడుగుకు తగిలేదాకా ఆగితే అనర్థం. దీనికి తోడు, ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోపలి చక్రాలు ఉబ్బి ముడుచుకుంటాయి. అందుకే ఒలింపస్ ఆయుష్షును గంటల్లో కన్నా 'సైకిళ్ల'లో కొలిచారు. పైలట్ థ్రాటిల్ ముందుకీ వెనక్కీ కదిపిన ప్రతిసారీ ఖర్చు రాసుకున్నారు. జనం వల్కన్ దగ్గరికి వచ్చేది ముఖ్యంగా దాని కేక వినడానికే. ఇంజన్లు ఒకానొక వేగం అందుకున్నప్పుడు గాలి దారుల్లోంచి తోడేలు ఊళలాంటి శబ్దం లేస్తుంది. ఆ ఊళకీ లెక్క ఉంది. ఎనిమిది ఇంజన్లలో రెండింటిని ఆ సంచులు మింగేశాయంటే ఎంత నష్టమో ఇప్పుడు తెలుస్తుంది.

ఇంజన్ సమస్యను వేరేవాళ్లు వేరేగా దాటారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జెట్ మెసర్‌ష్మిట్ 262 ఇంజన్లు, అప్పటి లోహాల కరువు వల్ల, కొన్ని పదుల గంటలు కూడా నిలిచేవి కావు. అమెరికాలో కొందరు ఆ విమానానికి నకళ్లు కట్టి, పాత ఇంజన్ ఆకారపు డొల్లలో ఆధునిక ఇంజన్లు దాచి ఎగరేశారు. తెలివైన పనే. కానీ ఊళ వినాలనుకునేవాడికి ఆ దారి పనికిరాదు.

వల్కన్‌లో మరో చిక్కు ఉంది. పైలట్ చేతిలోని కర్రకూ రెక్క వెనక అంచుకూ మధ్య బలాన్ని మోసే తీగలేవీ లేవు. రెక్కల అంచున ఉన్న ఎనిమిది ఫలకాలకూ ఒక్కోదానికి సొంత విద్యుత్ మోటారు, సొంత హైడ్రాలిక్ పంపు. కరెంటు పోతే ఫలకాలు కదలవు, కదిపేందుకు కండబలం ఏ మూలకూ చాలదు. కాబట్టి ఆల్టర్నేటర్లు, గాలికి తిరిగే అత్యవసర జనరేటరు, మరో చిన్న టర్బైన్, బ్యాటరీలు, వీటన్నిటి మధ్య మైళ్ల కొద్దీ వైరింగ్, అన్నీ నమ్మకంగా పనిచేయాలి. అయిదుగురు సిబ్బందిలో బయటికి విసిరే సీట్లు పైలట్లిద్దరికే. వెనక కూర్చున్న ముగ్గురూ తలుపు తెరుచుకుని దూకాలి. 1950ల నాటి ఈ ఏర్పాటును నేను ఎన్నిసార్లు చదివినా సమర్థించుకోలేకపోయాను.

ఇన్ని బాగుచేసినా విమానం ఎగరదు. ఎగరడానికి కాగితం కావాలి.

బ్రిటన్ పౌర విమానయాన సంస్థ వల్కన్‌ను 'సంక్లిష్ట' కోవలో చేర్చింది. అంటే ఉత్సాహవంతులు షెడ్డులో బిగించుకుని ఎగిరితే ఒప్పుకోరు. అసలు తయారీదారుల వారసులు సాంకేతిక బాధ్యత తీసుకోవాలి. విమానం కట్టిన ఆవ్రో తరఫున బీఏఈ సిస్టమ్స్, ఇంజన్ తరఫున రోల్స్ రాయిస్, ఇంజనీరింగ్ పర్యవేక్షణకు కేంబ్రిడ్జిలోని మార్షల్ ఏరోస్పేస్, మూడూ 'మేము చూస్తాం' అనాలి. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు మూడు తరాలు వెనక్కి వెళ్లి ఆరా తీసినట్టు, ప్రతి బోల్టుకూ వంశవృక్షం అడుగుతారు: ఏ కర్మాగారంలో పుట్టింది, ఏ విమానంలో ఎన్ని గంటలు చేసింది, ఎవరు పరీక్షించారు, ఎవరు సంతకం పెట్టారు. మెరిసిపోతున్న భాగమైనా కాగితం లేకపోతే తుక్కే. వాయుసేన వాడిన విమానం కాబట్టి 558 చరిత్ర రాసి ఉంది. ఏ ఎడారి నుంచో పొలం నుంచో తెచ్చిన విమానానికి ఆ భాగ్యం ఉండదు.

రాబర్ట్ ప్లెమింగ్ అనే ఆయన ఈ పనిని నెత్తికెత్తుకున్నాడు. వల్కన్ టు ది స్కై అనే ట్రస్టు ఏర్పడింది. జాతీయ లాటరీ సొమ్ముతో నడిచే వారసత్వ నిధి 27 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చింది. 2005 ఆగస్టులో విమానాన్ని విప్పడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి డబ్బు అయిపోయి, పనివాళ్లను ఇంటికి పంపే పరిస్థితి వచ్చింది. అప్పుడు సర్ జాక్ హేవర్డ్ అనే ధనవంతుడు 5 లక్షల పౌండ్లు ఇచ్చి నిలబెట్టాడు. మిగిలినదంతా జనం చందాలే. 2007 జూన్‌లో ఫాక్లాండ్ యుద్ధపు పాతికేళ్ల వేడుకల్లో లండన్ మీదుగా ఎగరాలన్నది కోరిక, అందుకోలేకపోయారు. అక్టోబర్ 18న బ్రంటింగ్‌థార్ప్ నుంచి లేచి అరగంటకు పైగా ఎగిరి దిగింది. అప్పటికి ఖర్చు సుమారు 70 లక్షల పౌండ్లు. ఆ తరువాత ఎగరేస్తూ ఉండడానికి ఏడాదికి దాదాపు 20 లక్షలు. కొత్తగా బాగుచేసిన ఇల్లయినా ఏటా వెల్ల అడుగుతుంది. ఇది అంతకన్నా గట్టిగా అడిగింది.

2011లో విమానం డాన్‌కాస్టర్‌కు మారింది. ఆ విమానాశ్రయం ఒకప్పటి ఫినింగ్లీ వైమానిక స్థావరం, 1960లలో 558 ఉన్న చోటే. మరుసటి ఏడాదే సంచుల ప్రమాదం. మిగిలిన ఇంజన్లు తెచ్చి బిగించి ఆ వేసవిలోనే మళ్లీ లేపారు. ఇక నిల్వలో ఇంజన్లు లేవు. ఉన్నవాటితోనే ఎన్నాళ్లు వస్తే అన్నాళ్లు.

చివరికి ఆపింది ఇంజన్లు కాదు. 2015 మేలో ట్రస్టు ప్రకటించింది: ఆ ఏడాది ప్రదర్శనల సీజన్ ముగిశాక మూడు సంస్థలూ సాంకేతిక మద్దతు ఉపసంహరించుకుంటున్నాయని. మొదటి కారణం, మిగతా ఏ వల్కన్ ఎగిరినదానికన్నా 558 పది శాతానికి పైగా ఎక్కువ గంటలు ఎగిరింది. ఆ గంటల తరువాత లోహం ఎలా ప్రవర్తిస్తుందో చూసిన అనుభవం ఎవరికీ లేదు. రెండోది ఇంకా పెద్ద కారణం. ఈ విమానాన్ని గీసిన, కట్టిన, మరమ్మతు చేసిన తరం రిటైరయిపోయింది. డ్రాయింగులు ఉన్నాయి. ఆ డ్రాయింగులో ఫలానా కొలత ఎందుకలా పెట్టారో చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పగులు కనబడితే 'దీంతో ఇంకో ఇరవై గంటలు ఎగరొచ్చు, నాది పూచీ' అని సంతకం పెట్టాలంటే ఆ 'ఎందుకు' తెలిసి ఉండాలి.

అభిమానులు చాలామంది ఆ సంస్థల మీద మండిపడ్డారు. నాకు వాళ్లది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. అదే వేసవిలో, ఆగస్టు 22న, ఇంగ్లండ్‌లోని షోరమ్ విమాన ప్రదర్శనలో ఒక హాకర్ హంటర్ జెట్ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయారు. భారత వాయుసేన కూడా దశాబ్దాల పాటు నడిపిన రకం విమానం అది. దాని బయటికి విసిరే సీట్లలోని మందుగుండు తూటాల గడువు దాటిపోయి ఉందని దర్యాప్తులో బయటపడింది, ప్రమాదానికి కారణం అది కాకపోయినా. చనిపోయినవాళ్లు విమానం ఎక్కినవాళ్లు కారు, దారిన పోయేవాళ్లు. ఆ తరువాత పాత జెట్లు నేల మీదుగా పల్టీలు కొట్టడాన్ని బ్రిటన్ నిషేధించింది.

558 చివరిసారి 2015 అక్టోబర్ 28న డాన్‌కాస్టర్‌లో ఎగిరి దిగింది. గాలిలోకి వెళ్లనంత వరకూ ఆ మూడు సంతకాల అవసరం లేదు కాబట్టి, తరువాత కూడా నేల మీద ఇంజన్లు తిప్పే వీలు మిగిలింది. అలా తిప్పే ముందు ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని, టార్చిలైటుతో గాలి దారిలోకి తల దూర్చి, చివరి దాకా చూసి రావాలి.